రాహుకాలం పోనీండి సిస్టర్

నాలుగు మూలలా పసుపు పెట్టిన కాగితం ముక్క వారానికి ఒకటి రెండైనా నా చేతికొస్తుంది. ఒక్కోసారి అది క్యాలెండర్‌లోంచి చింపిన పేజీ, ఒక్కోసారి పిల్లల నోట్‌బుక్ కాగితం. ఈమధ్య ఎక్కువగా వాట్సాప్‌లో ఫోటో పంపుతున్నారు. దానిక్కూడా ముందు కాగితానికి పసుపు పెట్టి, తర్వాతే ఫోటో తీస్తారు. లోపల ఒక తేదీ, ఒక టైమ్. ‘ఉ. 10.42 నుంచి 10.58 లోపల’. కింద లగ్నం, నక్షత్రం, పాదం. ఇచ్చేది మామూలుగా గర్భిణి నాయనో, మామో అయి ఉంటాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “సిస్టర్, డాక్టరమ్మకు మీరే చెప్పల్ల. ఈ టైముకే బిడ్డ బయటికి రావల్ల” అంటాడు.

నేను తిరుపతిలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో థియేటర్ నర్సుని. ఈ పనిలోకొచ్చి 19 ఏళ్లు. పుట్టి పెరిగింది పుత్తూరు పక్కన పల్లెలో. పొద్దున మొదటి కేసుకు ముందు థియేటర్ బయటున్న వెంకన్న పటానికి దండం పెట్టుకోకుండా లోపలికి పోను. మంగళవారం గోళ్లు తీసుకోను. కాబట్టి ఇది నమ్మకం లేని మనిషి, నమ్మేవాళ్లను తప్పుపడుతూ రాస్తున్నది కాదు. పోయిన నెల మా దగ్గర కొత్తగా చేరిన పిల్ల నన్ను అడిగింది: “అక్కా, మీరూ ఇవన్నీ పాటిస్తారు కదా. మరి వాళ్లు రాహుకాలం అంటే మీకెందుకంత కోపం?” అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. డ్యూటీ మధ్యలో రెండు మాటల్లో తేలే సంగతి కాదది.

మా చిత్తూరు వైపు రాహుకాలం పట్టింపు ఎక్కువ. కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు వర్జ్యం, దుర్ముహూర్తం అడుగుతాయి. మేం అరవదేశం పక్కనే ఉన్నవాళ్లం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం చాలావరకు ఉత్తర ఆర్కాటులోనే ఉండేది. రోజుకో కాగితం చింపే క్యాలెండర్లో రాహుకాలం, యమగండం తప్పకుండా ఉంటాయి. సోమవారం 7.30 నుంచి 9, మంగళవారం 3 నుంచి 4.30, శుక్రవారం 10.30 నుంచి 12. ఎక్కాలతో పాటే నాకివి నోటికొచ్చాయి. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒకటి రాహువుది. పొద్దు ఆరింటికి పొడిచి ఆరింటికి కుంకుతుందనుకుని వేసిన లెక్క ఇది. జనవరిలో తిరుపతిలో సూర్యుడు ఆరున్నర దాటితేగానీ రాడు. అంటే సరిగా లెక్కగడితే రాహుకాలం కూడా జరగాలి. నర్సింగ్ చదివేటప్పుడు ఈ మాట మా అవ్వకు చెప్పాను. “క్యాలెండర్లో ఏముంటే అదే మనకు” అనింది. ఆమెకు అది పెద్దలు పెట్టిన కట్టుబాటు, లెక్క కాదు. ఆ తేడా నాకు ఆసుపత్రిలో చాలాసార్లు పనికొచ్చింది.

ముందే నిర్ణయించుకున్న సిజేరియన్‌కు మంచి టైమ్ చూసుకోవడం మీద నాకు పేచీ లేదు. 39 వారాలు నిండాయి, తల్లీ బిడ్డా బాగున్నారు, ఎలాగూ ఆ రోజు చేయాలి. తొమ్మిదింటికి చేస్తే ఏం, పదిన్నరకు చేస్తే ఏం? కడుపు మీద కత్తి పెట్టినప్పటినుంచి బిడ్డ బయటికి రావడానికి తొలి ఆపరేషన్ అయితే అయిదు నుంచి పది నిమిషాలు. పాత ఆపరేషన్ అతుకులుంటే ఇంకా పడుతుంది. స్పైనల్, అంటే వెన్నులో ఇచ్చే మత్తు, ఎక్కి నడుము కింద మొద్దుబారాలి, మందు రాయాలి, గుడ్డలు కప్పాలి. 10.42కి బిడ్డ కావాలంటే వెనక్కి లెక్కేసుకుని 10.20కల్లా స్పైనల్ పడాలి. ఆ మాత్రం సర్దుబాటు చేస్తాం. కానీ స్పైనల్ ఇచ్చేశాక “ఇంకా పది నిమిషాలుంది, ఆగుదాం” అనడం ఉండకూడదు. స్పైనల్‌తో తల్లికి బీపీ పడిపోతుంది. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు లోపలి పెద్ద రక్తనాళం మీద పడి ఇంకా తగ్గుతుంది. అందుకే కుడి తుంటి కింద ఎత్తు పెట్టి మనిషిని ఎడమవైపుకు ఒరిగిస్తాం. తల్లి బీపీ పడితే బిడ్డకు రక్తం తగ్గుతుంది. ఆ పది నిమిషాలు మంచి ఘడియ కోసమని ఆపితే, అవి బిడ్డ ఊపిరిలోంచి తీసుకున్నవే.

36 వారాలకే మంచి రోజు పట్టుకొచ్చినవాళ్లనూ చూశాను. ఊపిరితిత్తుల్లో నీరు ఆరని బిడ్డ ఎగశ్వాస పెడుతుంటే, లగ్నం బాగుందని ఏ తల్లి మనసు కుదుటపడుతుంది? వాళ్లను మా డాక్టరమ్మ తిప్పి పంపింది. వాళ్లు ఇంకో ఆసుపత్రికి పోయారో, ఆగారో తెలీదు.

నా కోపం సంగతి చెప్పాలంటే పన్నెండేళ్ల కిందటి ఒక శుక్రవారం గురించి చెప్పాలి. అప్పుడు వేరే నర్సింగ్ హోమ్‌లో పనిచేసేదాన్ని. తొలి కాన్పు, ఇరవై రెండేళ్ల పిల్ల, రాత్రి నుంచి నొప్పులు. పొద్దున తొమ్మిదిన్నరకు ఉమ్మనీరు పోయింది. పచ్చగా ఉంది. అంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసింది. డాక్టరు చూసి సిజేరియన్ చేసేద్దాం అన్నారు. పదింటికి నేను కన్సెంట్ కాగితం పట్టుకుని బయటికొచ్చాను. భర్త చిన్నపిల్లోడిలా ఉన్నాడు, పెన్ను తీసుకున్నాడు. పక్కనే ఉన్న అతని తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

“శుక్రవారం సిస్టర్. పదిన్నరకు రాహుకాలం వచ్చేస్తాది. ఇప్పుడు మొదలుపెడితే సరిగ్గా దాంట్లో పుడతాది. రాహుకాలం పోనీండి సిస్టర్. రెండు గంటలే కదా.”

“ఫీటల్ డిస్ట్రెస్ అండీ, వెయిట్ చేయకూడదు” అన్నాను. డాక్టరు కూడా వచ్చి అదే మాట ఇంకొంచెం గట్టిగా అన్నారు. పెద్దాయన చేతులు జోడించాడు గానీ కదల్లేదు.

థియేటర్ ఖాళీగా ఉంది. మత్తు డాక్టరు వచ్చేశాడు. ట్రాలీ పరిచి పెట్టాను. అందరం ఉన్నాం, సంతకం ఒక్కటే లేదు. పావుగంటకోసారి డాప్లర్ పెట్టి బిడ్డ గుండె చప్పుడు లెక్కపెట్టాను. మామూలుగా నిమిషానికి 110కీ 160కీ మధ్య ఉండాలి. 146. 138. 124. పదకొండుంబావుకు నొప్పి వచ్చినప్పుడు 96కి పడింది. నొప్పి తగ్గినా మళ్లీ లేవలేదు. గుర్రం పరిగెత్తినట్టు టకటకమని వినిపించే చప్పుడు కుంటడం మొదలుపెడితే, ఆ గదిలో ఉన్న ప్రతి మనిషికీ కడుపులో దేవుతుంది.

నేను బయటికి పరిగెత్తాను. ఈసారి కాగితం తీసుకుపోలేదు. ఆ పెద్దాయన భార్య చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి డాప్లర్ పక్కన నిలబెట్టాను. “అమ్మా, ఇది మీ మనవడో మనవరాలో, ఆ బిడ్డ గుండె. పొద్దున పరిగెత్తింది. ఇప్పుడు నడవలేకపోతోంది. లోపల ఊపిరి అందట్లేదు. పన్నెండు దాకా ఆగితే ఏడుస్తుందో లేదో నేను చెప్పలేను.” ఆమె ఒక్క నిమిషం విన్నది. బయటికి పోయి మొగుణ్ని అడిగిన మాట నాకు తలుపు దగ్గరికి వినిపించింది: “బిడ్డ లేకపోతే జాతకం ఎవురికి రాపిస్తావు?”

11.34కి సంతకం పడింది. 11.51కి బిడ్డ బయటికొచ్చింది. ఏడవలేదు. ఒళ్లంతా పచ్చగా, వేలాడిపోతూ ఉంది. వార్మర్ మీద వేసి తుడిచి, నోరూ ముక్కూ శుభ్రం చేసి, మాస్కు పెట్టి బ్యాగు నొక్కాం. దాదాపు రెండు నిమిషాలు. నా చేతుల్లో అంత బరువైన రెండు నిమిషాలు మళ్లీ రాలేదు. తర్వాత మూలిగినట్టు సన్నగా ఒక ఏడుపు. ఎన్‌ఐసీయూ, అంటే పసిబిడ్డల ఐసీయూ, ఉన్నచోటికి పంపాం. ఆరు రోజులుంచి ఏడో రోజు ఇంటికి పంపించారు. ఆడపిల్ల.

పుట్టినప్పుడు రాహుకాలం పోవడానికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది.

కేస్‌షీట్‌లో ‘బంధువుల అంగీకారంలో ఆలస్యం’ అని రాసుకున్నాం. మా ఆలస్యం ఎక్కడా రాయలేదు. పదింటి నుంచి పదకొండున్నర దాకా మేం వాళ్లకు చెప్పింది ఇంగ్లీషు. ‘ఊపిరి అందట్లేదు’ అనే రెండు మాటలు పదింటికే చెప్పుంటే ఆ ఇల్లాలు పదింటికే ఆ ప్రశ్న అడిగేది. ఆ పెద్దాయన దుర్మార్గుడు కాదు. పుట్టబోయే బిడ్డకు మంచి జరగాలని తనకు తెలిసిన దారిలో పాకులాడాడు. మాకు తెలిసిన సంగతిని ఆయన భాషలో పెట్టడం మా పని, అది మేం చేయలేదు.

అప్పటినుంచి నాకు ఒకటే కొలత: ఈ నమ్మకానికి వెల ఎవరు కడుతున్నారు? నేను మంగళవారం గోళ్లు తీసుకోకపోతే ఎవరికీ ఏమీ కాదు. ఆ రాహుకాలానికి వెల కట్టింది మాత్రం ఇంకా నోరు కూడా రాని బిడ్డ.

ఇప్పుడు తొమ్మిదో నెల చెకప్‌కు వచ్చినప్పుడే ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగేస్తాను. మీరు ఏమేం పాటిస్తారు, ఏ టైములు వద్దు, రాసివ్వండి. ఆపరేషన్ ముందే అనుకున్నదైతే చూసి పెడతాం. నొప్పులు మొదలయ్యాక గుండె చప్పుడు పడినా, రక్తం పోయినా, తల్లికి ఫిట్స్ వచ్చినా మేం క్యాలెండర్ చూడం, మీరూ అడగకూడదు, దీనికి ఇప్పుడే ఒప్పుకోండి. ప్రశాంతంగా ఉన్నప్పుడు అడిగితే ఒప్పుకోనివాళ్లు చాలా తక్కువ. ముహూర్తాలు పెట్టే పంతులుగారొకరు మా దగ్గరికొచ్చే రెండు మూడు కుటుంబాలకు తనే చెప్పి పంపాడు, ఆపదకు ముహూర్తం లేదని. ఆయనకు నేను మనసులో దండం పెట్టుకున్నాను.

పుట్టిన నిమిషం దగ్గర కూడా ఒత్తిడి వస్తుంది. తల కనిపించిన క్షణం తీసుకోవాలా, మొత్తం బయటపడిన క్షణమా, బొడ్డు కోసిన క్షణమా అని జాతకం రాసేవాళ్లలోనే తలా ఒక మాట. మేం రాసేది బిడ్డ మొత్తం బయటికొచ్చిన నిమిషం. ఒకసారి 10.59కి పుట్టిన బిడ్డకు 10.57 అని రాయమని బతిమాలారు, నా జేబులో డబ్బులు పెట్టబోయారు. రాయలేదు. నమ్మేవాళ్ల లెక్కలోనే చూసినా, ఆ బిడ్డ జాతకమంతా నేను రాసే ఆ ఒక్క అంకె మీద నిలబడుతుంది. అది అబద్ధమైతే ఇంకేం మిగులుతుంది? ఆ రోజే గమనించాను, థియేటర్ గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందుంది. అప్పటినుంచి ప్రతి సోమవారం పొద్దున స్టూలెక్కి ఫోన్ చూసి నేనే సరిచేస్తాను.

ముహూర్తాల సిజేరియన్లు మనకే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్లే, దేశం మొత్తానికి 21.5. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, పసుపు కాగితం అందులో ఒకటి మాత్రమే. కానీ రోజు చూసుకోవడం అన్ని దేశాల్లోనూ ఉంది. అమెరికాలో దయ్యాల పండుగ హాలోవీన్ రోజు కాన్పులు తగ్గుతాయి, ప్రేమికుల రోజున పెరుగుతాయి, పరిశోధకులు లెక్కలు తీశారు. జపాన్‌లో ‘అగ్ని గుర్రం’ సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల మొగుడికి కీడు అని నమ్మకం. 1966 అలాంటి ఏడు. ఆ ఒక్క ఏడాది జపాన్‌లో పుట్టిన పిల్లల సంఖ్య అంతకుముందు ఏడాది కంటే దాదాపు నాలుగోవంతు పడిపోయింది. అరవై ఏళ్లకు ఒకసారి వచ్చే ఆ ఏడు మళ్లీ 2026. రైళ్లూ కెమెరాలూ చేసిన దేశం అది. చదువుకుంటే పోతాయనుకోవడానికి లేదు.

మా ఆయన శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో ఉన్నాడు. అక్కడ రకరకాల దేశాలవాళ్లు. తైవాన్ ఇంజనీర్లు పెద్ద మెషీన్ల మీద, కంప్యూటర్ సర్వర్ల మీద ఆకుపచ్చ రంగు చిరుతిండి ప్యాకెట్ పెడతారట. దాని పేరు క్వాయ్ క్వాయ్, ‘బుద్ధిగా ఉండు’ అని అర్థం. ఆకుపచ్చదే పెట్టాలి, ఎందుకంటే మెషీన్ బాగుంటే పచ్చ లైటు వెలుగుతుంది. ఎక్స్‌పైరీ డేట్ దాటనివ్వకూడదు. జపాన్‌వాళ్లకు నాలుగు అంటే చావు అనే మాటలా, తొమ్మిది అంటే బాధ అనే మాటలా వినిపిస్తుంది. వాళ్లు ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూడబోతే కుండీలో మొక్క తీసుకుపోరు, వేళ్లూనుకున్నట్టు రోగి మంచానికి అతుక్కుపోతాడని. ఈ మాట విన్న రోజు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. ఆసుపత్రి నుంచి బయల్దేరేవాళ్లకు ‘మళ్లీ రండి’ అనకూడదని నాకు నేర్పింది ఆమే. ఇప్పటికీ అనను.

ఇంకొకటి కూడా అనను. నైట్ డ్యూటీలో ‘ఈరోజు ఖాళీగా ఉందే’ అనే మాట. అన్నామంటే అరగంటలో నాలుగు కేసులొస్తాయని మా అందరి నమ్మకం. ఇంగ్లండ్ నర్సులకూ అదే పట్టింపు. అక్కడ ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో కొన్ని రోజులు పొద్దున్నే ‘ఈరోజు ప్రశాంతంగా ఉంటుంది’ అని కావాలనే అని, కొన్ని రోజులు అనకుండా ఉండి, పని లెక్క చూశారు. మొత్తం 61 రోజులు. తేడా ఏమీ లేదని 2019లో వైద్య పత్రికలో వేశారు. చదివాను, నిజమే అని ఒప్పుకున్నాను. అయినా ఆ మాట నా నోట రాదు. దానివల్ల నష్టపోయేవాళ్లెవరూ లేరు కనుక నన్ను నేను వదిలేశాను.

మా అబ్బాయి డిగ్రీలో సోషియాలజీ చదివేటప్పుడు పాఠంలో ఒకటి చూపించాడు. మాలినోవ్‌స్కీ అనే పరిశోధకుడు వందేళ్ల కింద పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో జాలర్లను గమనించాడు. ఒడ్డు లోపలి మడుగులో చేపలు పట్టేటప్పుడు వాళ్లకు ఏ మంత్రాలూ లేవు. లోతు సముద్రంలోకి పడవ దించేటప్పుడే తంతులన్నీ. నాకు వెంటనే మా థియేటర్ కళ్లముందు కదిలింది. మా ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఎవరూ దండం పెట్టుకోరు. థియేటర్ తలుపు దగ్గర అందరం పెట్టుకుంటాం. నేను గోవిందా అనుకుంటాను. మా మత్తు డాక్టరు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. టెక్నీషియన్ సిలిండర్ తిప్పేముందు బిస్మిల్లా అంటాడు. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన చెక్‌లిస్ట్ బయటికి తీస్తాం. 19 అంశాలు. పేరు, ఏ ఆపరేషన్, ఏ మందు పడదు, అన్నీ పైకి చదవాలి, పైకి జవాబు చెప్పాలి. కుట్లు వేసేముందు మాపులు, అంటే రక్తం అద్దే గుడ్డలు, లెక్కపెట్టాలి. గోవిందుణ్ని తలుచుకున్నాను కదా అని ఒక్క మాపు లెక్క వదిలేస్తే నా మొక్కు ఎవరికి చెందుతుంది?

శ్రీహరికోట ఇప్పుడు మా తిరుపతి జిల్లాలోదే. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు రాకెట్ నమూనా తీసుకుని కొండకొస్తారు, సూళ్లూరుపేట చెంగాళమ్మ దగ్గరికీ పోతారు. కొంతమంది అది చూసి బాధపడతారు. పీఎస్‌ఎల్‌వీ సీ12 ఎగిరింది 2009 ఏప్రిల్‌లో, తర్వాతది అదే సెప్టెంబర్‌లో సీ14. మధ్యలో సీ13 లేదు, పదమూడు అచ్చిరాదనే పట్టింపు ఉంది కదా. మంగళయాన్‌ను మాత్రం 2013 నవంబర్ 5న, మంగళవారమే పంపారు. అమెరికాలో నాసావాళ్ల జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో కీలకమైన ఘట్టం వచ్చినప్పుడల్లా వేరుశనగ కాయల సీసా చేతులు మారుతుంది. వరసగా ఆరు విఫలమయ్యాక 1964లో చంద్రుడి మీదికి పంపిన రేంజర్ 7 గెలిచిన రోజు ఎవరో పల్లీలు పంచారట, అప్పటినుంచి వదల్లేదు. నాకు ఇవేవీ తప్పుగా కనబడవు. నేను చూసేది ఇంకోటి. 2019 జులై 15న చంద్రయాన్-2ను 56 నిమిషాల ముందు ఆపేశారు, ఒక సాంకేతిక లోపం కనబడిందని. దేశమంతా అర్ధరాత్రి టీవీల ముందు కూర్చుని ఉంది. అనుకున్న ఘడియ కదా అని తోసేయలేదు. లోపం సరిచేసుకుని 22న పంపారు. ఆ ఆపే చెయ్యి ఉన్నంతవరకు కొండకొచ్చి దండం పెట్టుకుంటే ఏం పోయింది?

గ్రహణం రాత్రులు మాకు వేరే కష్టం. పోయిన సంవత్సరం, 2025 సెప్టెంబర్ 7న, ఆదివారం, సంపూర్ణ చంద్రగ్రహణం. నాది నైట్ డ్యూటీ. మధ్యాహ్నమే కొండమీద గుడి మూసేశారు. గ్రహణానికి తలుపులు మూయనిది మా చుట్టుపక్కల కాళహస్తి గుడి ఒక్కటే. వార్డులో తొమ్మిదిమంది గర్భిణులు. కిటికీలకు దుప్పట్లు కట్టేశారు. ఒకామెకు షుగర్, ఇన్సులిన్ మీద ఉంది. ఏడింటికే అన్నం వద్దంది. గ్రహణం పట్టేది పదింటికి, విడిచేది ఒంటిగంటన్నరకు. ఇన్సులిన్ వేసుకుని అంతసేపు ఏమీ తినకపోతే షుగర్ పడిపోయి మనిషి కళ్లు తేలేస్తుంది. వాళ్లమ్మ తెచ్చిన సంచిలో దర్భలు కనిపించాయి. “ఇంట్లో పచ్చళ్ల మీద, పాల మీద వేస్తారు కదమ్మా ఇవి, ఎందుకు?” అని అడిగాను. “దోషం అంటకుండా” అనింది. “అయితే ఈ గిన్నెలో, ఈ నీళ్ల బాటిల్లో వేయండి. పసిబిడ్డలకు, ముసలివాళ్లకు, ఒంట్లో బాగాలేనివాళ్లకు ఉపవాసం లేదని మన పెద్దలే చెప్పారు.” ఆమె దర్భ వేసింది, కూతురు తినింది. వాదించి ఉంటే ఆ రాత్రి నేను గెలిచేదాన్నేమో, ఆ పిల్ల మాత్రం తినేది కాదు.

పై పెదవి చీలి పుట్టడాన్ని మనం గ్రహణం మొర్రి అనే అంటాం. నమ్మకం మాటలోనే కూర్చుని ఉంది. అందుకే గర్భిణికి ఆ రాత్రి కత్తి, సూది ముట్టనివ్వరు. మెక్సికోలో కూడా సరిగ్గా ఇదే భయం ఉందని చదివి ఆశ్చర్యపోయాను. చంద్రుణ్ని కొరికినట్టే బిడ్డ పెదవినీ కొరుకుతుందని. కానీ అక్కడ గర్భిణి కడుపు దగ్గర బట్టకు పిన్నీసు పెట్టుకుంటుంది, ఇనుము కాపాడుతుందని. మనవాళ్లు తీసేసే సూదినే వాళ్లు పెట్టుకుంటారు. బిడ్డ పెదవి కూడుకునేది గర్భం నాలుగు నుంచి ఏడు వారాల మధ్య. చాలామందికి నెల తప్పిన సంగతి కూడా సరిగా తెలియని రోజులవి. తొమ్మిదో నెలలో వచ్చిన గ్రహణానికి ఆ పెదవితో పనేముంటుంది? ఈ మాట వార్డులో అందరికీ చెప్తాను. ఎందుకంటే మొర్రితో బిడ్డ పుట్టిన ఇంట్లో తర్వాత జరిగేది చూశాను: ‘ఆ రోజు నువ్వు బయటికి పోయుంటావు’ అని బాలింతను అందరూ కలిసి దోషిని చేస్తారు. ఆపరేషన్‌తో సరయ్యే పెదవికి ఆ తల్లి జన్మంతా శిక్ష పడుతుంది.

ఇక మా ఆయమ్మ గురించి. పేరు రాయొద్దంది, రాయను. థియేటర్‌లో పదకొండేళ్ల నుంచి ఉంది. బిడ్డ బయటికి రాగానే వెచ్చటి గుడ్డ పరిచి పట్టుకునేది ఆమె చేతులే. తుడిచి, చుట్టి, టోపీ పెట్టి, గుండెకు ఆనించుకుని బయట బంధువులకు చూపించేది ఆమే. మొగుడు పోయి పదమూడేళ్లు.

నేను ఇక్కడ చేరిన కొత్తలో ఒక నానమ్మ నన్ను పక్కకు పిలిచింది. “బిడ్డను మొదటగా బయటికి తెచ్చేటప్పుడు ముత్తైదువ చేతుల్లో తెప్పించు తల్లీ” అనింది. నేను మారు మాట్లాడకుండా లోపలికొచ్చి, బిడ్డను వేరే నర్సు చేతికిచ్చాను. ఆయమ్మకు ఏం చెప్పాలో నేను వెతుక్కుంటుంటే ఆమే ట్రేలు తీసుకుని సింకు దగ్గరికి పోయింది. తర్వాత తెలిసింది, అంతకుముందు కొన్నేళ్లు డ్యూటీకి వచ్చేటప్పుడు బస్సు దిగి ఎర్ర స్టిక్కర్ పెట్టుకునేదట. ఇంటికి పోయేటప్పుడు తీసి బ్యాగులోని అద్దానికి అంటించేది. ఎవరో వాళ్ల ఊరివాళ్లు కాన్పుకొచ్చి గుర్తుపట్టాక మానేసిందట. ఈ సంగతి నాకు ఆమె ఏడుస్తూ చెప్పలేదు. మాపులు లెక్కపెడుతూ చెప్పింది. అయిదు, పది, పదహైదు అని లెక్క తప్పకుండా.

ఆ రాహుకాలం బిడ్డ లాగే ఇక్కడ కూడా వెల వేరేవాళ్లే కడుతున్నారు. నేను ఆమె చేతుల్లోంచి బిడ్డను తీసుకున్న రోజు, కట్టించింది నేను. ఇంట్లో పేరంటానికి ఎవర్ని పిలుచుకుంటారో వాళ్లిష్టం అనుకోవచ్చేమో, అది కూడా నా మనసు ఒప్పదు. కానీ జీతం తీసుకుని చేసే పనిలో, ఆ పని అందరికంటే బాగా చేసే మనిషిని మొగుడు లేడని తప్పుకోమనడానికి ఎవరికీ హక్కు లేదు. ఇప్పుడు ఆ తొమ్మిదో నెల మాటల్లోనే ఇదీ కలిపి చెప్పేస్తాను: మా థియేటర్‌లో ఎవరి డ్యూటీ వాళ్లే చేస్తారు, బిడ్డ ఎవరి చేతుల్లో వస్తే వాళ్ల చేతుల్లోనే తీసుకోవాలి. మేనేజ్‌మెంట్‌కు మొదట భయమేసింది, కేసులు పోతాయని. డాక్టరమ్మ నా పక్కన నిలబడింది.

పోయిన వారం ఒక పసుపు కాగితం కేసు. 39 వారాలు దాటింది, అన్నీ బాగున్నాయి. 10.42 నుంచి 10.58. స్పైనల్ 10.22కి పడింది, బిడ్డ 10.46కి పుట్టాడు. గడియారం చూసి రిజిస్టర్లో రాశాను. ఆయమ్మ బిడ్డను చుట్టి తీసుకుపోతుంటే నేనూ తలుపు దాకా వెళ్లాను. నానమ్మకు ముందే చెప్పి ఉన్నాం, అయినా ఆమె ముఖం ముడుచుకుంది. ఆయమ్మ నుదుటి వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుని, చేతులు మాత్రం చాపింది. తర్వాత ఆ ఇంటివాళ్లు మా అందరికీ స్వీట్లు పంచారు, ఆయమ్మ దగ్గర ఆగకుండా ముందుకు పోయారు. నేను చూశాను, ఆయమ్మ కూడా చూసింది.

కానీ బిడ్డను ఇస్తున్నప్పుడు ఆయమ్మ ఒక మాట అనింది. “పాదాలు చల్లగా ఉండాయి. ఏసీ కింద నిలబడొద్దు. టోపీ చెవుల మీదికి లాగమ్మా.”

నానమ్మ ఏసీ కిందనుంచి జరిగి, టోపీ చెవుల మీదికి లాగింది.